నూకలు ఎవరి చేతిలో ఉన్నాయి?

గోదావరి జిల్లాల్లో ఒక మనిషి పోయాడన్న కబురు చెప్పే తీరు వీధి వీధికీ మారిపోతుంది. ఒక వీధిలో "పాపం, నూకలు చెల్లిపోయాయి" అంటారు. ఇంకో వీధిలో "కాలం చేశారు" అంటారు. ఊరి చివర, చర్చి ఉన్న పేటలో అయితే రాత్రికి రాత్రే ఫ్లెక్సీ వెలుస్తుంది: "ప్రభువునందు నిద్రించారు." మాటల్లో అయితే, "దేవుడు పిలుచుకున్నాడు."

ఈ మాటలన్నీ వింటూ పెరిగినవాణ్ణి నేను. చాలాకాలం ఇవన్నీ ఒకే సంగతిని మర్యాదగా చెప్పే రకరకాల పద్ధతులు అనుకున్నాను. నిదానంగా చూస్తే కాదు. ఒక్కో మాట వెనక ఒక్కో లెక్క ఉంది: ఆయుష్షు ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎవరు కొలుస్తారు, ఎవరిని అడగొచ్చు, ఎవరిని నిలదీయొచ్చు అన్న లెక్క. ఆ లెక్క ఈ డెల్టాలో గత రెండొందల ఏళ్ళలో ఎలా మారిందో చూద్దామన్నదే ఈ వ్యాసం.

నూకల మాటతోనే మొదలుపెడదాం. వరి పండే నేల కాబట్టి ఆయుష్షుని కూడా బియ్యంతోనే కొలుచుకున్నాం. ఈ భూమ్మీద నీకు ఇన్ని నూకలు రాసిపెట్టి ఉన్నాయి, అవి అయిపోతే నువ్వూ అయిపోతావు. పైగా గింజలు కూడా కాదు, నూకలు. రాసింది బ్రహ్మ, పద్దు చూసేది చిత్రగుప్తుడు, పాశం పట్టుకొచ్చేది యముడు. ఇది పై ఆఫీసు సంగతి. కింది స్థాయిలో, రోగానికో దేవత ఉంది. మశూచి వస్తే "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. అంటే రోగమూ అమ్మవారే, నయం చేసేదీ అమ్మవారే. పెద్దాపురంలో ఆషాఢమాసమంతా జరిగే మరిడమ్మ జాతర ఇప్పటికీ ఎంత పెద్దదో చూసినవాళ్ళకు తెలుసు. మరిడి అంటే ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చుకుపోయే మహమ్మారి. ఆ తల్లిని శాంతింపజేసి పొలిమేర దాటించడం ఊరంతా కలిసి చేసే పని.

మొత్తానికి పాత డెల్టాలో చావు ఒక్కరి చేతిలో లేదు. చాలా చేతుల్లో పంచి ఉంది. దీనివల్ల ఒక సౌకర్యం కూడా ఉంది. ఒకరు కాదంటే ఇంకొకరి దగ్గరికి పోవచ్చు. యముడు వచ్చినా శివుణ్ణి కౌగిలించుకుని మార్కండేయుడు బతికాడు. సావిత్రి యముణ్ణే మాటల్లో పెట్టి మొగుణ్ణి తెచ్చుకుంది.

బైబిల్ ఈ పంపకాన్ని ఒప్పుకోదు. ఎక్కడ తెరిచినా అదే మాట ఇంకో గొంతుతో వినిపిస్తుంది. సమూయేలు మొదటి గ్రంథంలో, చాలాకాలం గొడ్రాలన్న మాట పడి చివరికి బిడ్డను కన్న హన్నా పాడే పాటలో చంపేదీ బతికించేదీ ఒక్క దేవుడే. ద్వితీయోపదేశకాండం చివర్లో మోషే పాటలో కూడా అంతే. ఆయన చేతిలోంచి విడిపించగలిగినవాడు ఇంకొకడు లేడు. 90వ కీర్తన మనిషి బతుకుని పొద్దున మొలిచి సాయంత్రానికి వాడే గడ్డితో పోలుస్తుంది. 139వ కీర్తన ఇంకా పుట్టకముందే మనిషి దినాలన్నీ దేవుడి గ్రంథంలో రాసి ఉన్నాయంటుంది. చిత్రగుప్తుడి పద్దు గుర్తొస్తుంది కదా? తేడా ఒకటుంది. ఇక్కడ గుమాస్తా లేడు. రాసేవాడూ, చదివేవాడూ, అమలు చేసేవాడూ ఒక్కడే.

మరి అప్పీలు ఎక్కడ? అదే కోర్టులో. యూదా రాజు హిజ్కియా కథ యెషయా గ్రంథంలోనూ, రాజుల రెండో గ్రంథంలోనూ ఉంది. జబ్బుపడ్డ రాజు దగ్గరికి ప్రవక్త వచ్చి నువ్వు బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని చెప్తాడు. రాజు గోడవైపు తిరిగి ఏడుస్తాడు. తీర్పు చెప్పిన దేవుడే మనసు మార్చుకుని పదిహేనేళ్ళు పెంచుతాడు. సావిత్రిలా తెలివిగా వరాలడిగి గెలవడం లేదు, ఇంకో దేవుడి అడ్డూ లేదు. ఏడుపు ఒక్కటే ఉంది. ఇదే కథలో చాలామంది గమనించని చిన్న సంగతి ఇంకోటుంది. ఆయుష్షు పెంచానని దేవుడు చెప్పాక కూడా, ప్రవక్త అంజూరపు పళ్ళ ముద్ద తెప్పించి పుండు మీద కట్టిస్తాడు. దేవుడి మాట వచ్చింది కదా ఇంక వైద్యం ఎందుకని అక్కడ ఎవరూ అడగలేదు. ఈ అంజూరపు కట్టుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనుంది.

ఈ ఆలోచన తెలుగులోకి రావడమే ఒక కథ. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డె గ్రాంజ్ 1810లో పోయాడు. వాళ్ళ పని 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. చావు మీద అధికారం ఎవరిదో చెప్పే పుస్తకం తెలుగులో అచ్చయ్యేసరికి దాన్ని మొదలుపెట్టిన ఇద్దరూ లేరు.

అనువాదంలో ఇంకో చిక్కు కూడా వచ్చింది. హెబ్రీలో చచ్చినవాళ్ళందరూ, మంచివాళ్ళైనా చెడ్డవాళ్ళైనా, పోయే చీకటి చోటు పేరు షియోల్. అక్కడ శిక్షా లేదు, సుఖమూ లేదు, చివరికి దేవుణ్ణి పొగిడే నోరూ లేదు. యమలోకం అందామంటే యముడు వచ్చేస్తాడు. నరకం అందామంటే శిక్ష వచ్చేస్తుంది. చివరికి మన బైబిల్లో "పాతాళము" నిలబడింది. బలిచక్రవర్తి, నాగులు ఉండే ఆ లోకం పేరు షియోల్‌కి తగిలించుకుని తెలుగు క్రైస్తవులు ఇప్పటికీ చదువుకుంటున్నారు. ఆదికాండంలో దేవుడు మట్టిబొమ్మలోకి ఊపిరి ఊదితే నరుడు ఏమయ్యాడంటే, "జీవాత్మ" అయ్యాడు. ఈ మాట విన్న తెలుగువాడికి చావులేని, దేహం మార్చుకునే ఆత్మ గుర్తొస్తుంది. హెబ్రీ మాటకి అర్థం సరిగ్గా దానికి ఎదురు. మట్టి, ఊపిరి కలిసిన ప్రాణి, అంతే. ఊపిరి వెనక్కి తీసుకుంటే మిగిలేది మట్టి. పాత నిబంధనలో చాలాభాగం వరకూ చనిపోయాక ఏముంది అన్నదానికి జవాబు అంతకంటే పెద్దగా లేదు. పునరుత్థానం సంగతి దానియేలు గ్రంథంలో స్పష్టపడి, యేసు దగ్గర, పౌలు దగ్గర కేంద్రానికి వస్తుంది. అంటే దేవుడి సార్వభౌమత్వం మొదట పరలోకం గురించిన మాట కాదు. ఈ నేల మీద, ఈ ఊపిరి ఉన్నంతకాలం గురించిన మాట.

ఇప్పుడు డెల్టాకి వద్దాం. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. గుంటూరు సీమని అది ఎంత తుడిచిపెట్టిందో తెలుగు చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. రాజమండ్రి జిల్లా కూడా ఆ దెబ్బకి లేవలేదు. 1821లో సుమారు 7.38 లక్షలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకి పడిపోయింది. పక్కనే నిండుగా గోదావరి పారుతుండగా! ఈ మధ్యలోనే, 1836లో, ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతం నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు బ్రదరన్ మిషనరీలు భార్యలతో సహా వచ్చి, తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. తర్వాత గోదావరి డెల్టా మిషన్ అన్న పేరుతో తెలిసింది వీళ్ళ పనే. వాళ్ళు వచ్చిన మూడేళ్ళకి, 1839 నవంబర్ 25న కోరింగ మీద ఉప్పెన పడింది. రేవూ, ఓడలూ, ఊరూ కొట్టుకుపోయాయి. కోరింగ ఆ తర్వాత మళ్ళీ అంతటి రేవు కాలేదు.

ఇలాంటి చోట, సముద్రానికి తలుపులూ గడియలూ పెట్టి ఇంతవరకే రా అని ఆజ్ఞాపించినవాడు దేవుడు అని యోబు గ్రంథం చదివితే వినేవాడికి ఏమనిపించి ఉంటుంది? సముద్రం హద్దు దాటిందే! అప్పుడు రెండే దారులు. ఒకటి, అది ఆయన చిత్తం అని తలవంచడం. రెండు, యోబులాగే ఆయన్నే పట్టుకుని అడగడం. యోబు గ్రంథంలో నలభై రెండు అధ్యాయాలుంటే తలవంచిన మాట మొదటి రెండు అధ్యాయాల్లో ఉంది. తర్వాత ముప్ఫై ఎనిమిదో అధ్యాయం దాకా ఉన్నది దాదాపు అంతా వాదన.

ఇంకో దారి కూడా ఉందని చూపించినవాడు మిషనరీ కాదు, ఇంజనీరు. ఆర్థర్ కాటన్ గట్టి ఎవాంజెలికల్ క్రైస్తవుడు. ఆయన బడిలో దేవుడి చిత్తం అన్న మాటకి తక్కువేం లేదు. కానీ కరువు చావుల్ని ఆయన ఆ ఖాతాలో వెయ్యలేదు. నీళ్ళు సముద్రంలోకి పోతుండగా జనం చావడం పాలకుల నిర్లక్ష్యం అని ప్రభుత్వంతో జీవితాంతం పోట్లాడాడు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది. మధ్యలో ఆయనకే ఆరోగ్యం పాడై 1848లో పనిని కెప్టెన్ ఓర్‌కి అప్పజెప్పి ఆస్ట్రేలియా వెళ్ళాల్సొచ్చింది. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాటన్ 96 ఏళ్ళు బతికి 1899లో పోయాడు. హిజ్కియా పుండు మీద అంజూరపు ముద్ద ఎలాంటిదో గోదావరి మీద ఆనకట్ట అలాంటిదని నా ఉద్దేశం. ఆయుష్షు దేవుడి చేతిలో ఉందని నమ్మినవాడే కాలవ తవ్వాడు.

గోదావరి గట్టున స్నానాలకి వచ్చే వాళ్ళలో సంకల్పంలో, తర్పణంలో కాటన్ పేరు తలుచుకునేవాళ్ళు ఉన్నారని చెబుతారు. చచ్చినవాళ్ళకి నీళ్ళు వదలక్కర్లేదని నమ్మే మతంలో పుట్టిన మనిషికి, ఆయనే మళ్ళించిన నీళ్ళతో తర్పణం! డెల్టా ఎవరి సిద్ధాంతాన్నీ పూర్తిగా తీసుకోదు. తనకి కావలసినంత తీసుకుంటుంది.

కాలవలు వచ్చాక పురులు నిండాయి. ఇక్కడ యేసు చెప్పిన ఒక ఉపమానం మన నూకల సామెతకి ఎదురుగా నిలబడుతుంది. లూకా సువార్తలో ఒక రైతుకి పంట విరగపండి కొట్లు చాలవు. పాతవి కూల్చి పెద్దవి కట్టుకుంటాను, ఇంక హాయిగా తింటాను అనుకుంటాడు. ఆ రాత్రే ప్రాణం పోతుంది. మన సామెత ప్రకారం నూకలు చెల్లితే ప్రాణం పోవాలి. ఇక్కడ నూకలు నిండా ఉన్నాయి, ప్రాణమే లేదు. గింజల లెక్కా ప్రాణం లెక్కా ఒకటి కాదన్నది కథ. ఈ కథని డెల్టా మాలమాదిగ పేటల్లో, సొంత పురి అంటూ లేని పాలేర్లు విన్నారు. గాదెలు ఎవరివో వాళ్ళకు తెలుసు. కథలో వెర్రివాడు ఎవరో కూడా తెలిసే ఉంటుంది.

రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1845లో ఉత్తర జర్మనీ వాళ్ళతో మొదలై, కొద్దికాలానికే అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. 1866లో సామర్లకోటలో పనిచేస్తున్న ఆడమ్ లాంగ్ అనే మిషనరీ మశూచితో పోయాడు. అమ్మవారు కాదు, దేవుడొక్కడే అని చెప్పడానికి వచ్చినవాణ్ణి అదే రోగం తీసుకుపోయింది. ఊళ్ళో ఏమనుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు. ఆ మిషన్‌ని వేరే సంఘానికి ఇచ్చేద్దామని అమెరికాలో అనుకుంటున్నప్పుడు, 1869లో, ఫాదర్ హయ్యర్ అనే 76 ఏళ్ళ ముసలాయన నేను పోతానని బయల్దేరి రాజమండ్రి వచ్చాడు. గుంటూరులో 1842లో పని మొదలుపెట్టినవాడు ఆయనే. 90వ కీర్తన మనిషికి ఇచ్చిన డెబ్భై ఏళ్ళు దాటిపోయి, కొసరులో ఉన్న మనిషి.

1895లో డాక్టర్ లిడియా వర్నర్ రాజమండ్రి వచ్చారు. 1911 నాటికి ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆసుపత్రి కట్టారు. కానుపుకి పోయిన పిల్ల తిరిగొస్తుందో లేదో అన్నది నుదుటిరాతగా ఉన్న రోజుల్లో, ఆ రాతని కొంతైనా దిద్దొచ్చని ఇక్కడి ఆడవాళ్ళు చూశారు. ప్రార్థన చేసే చేతులే కత్తెరా, సూదీ పట్టుకున్నాయి.

అయితే అందరూ ఆ దారిలోనే పోలేదు. రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టి లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో ఆ సంఘం వదిలి బైబిలు మిషన్ స్థాపించారు. ఈ నేల మీద, ఈ భాషలో పుట్టిన క్రైస్తవ ఉద్యమం అది. స్వస్థత ప్రార్థనకి అక్కడ పెద్దపీట. 1960లో అయ్యగారు పోయారు. ఆయన నూరేళ్ళకి పైనే బతికారని నమ్మే భక్తులున్నారు. ప్రార్థనలో దేవుణ్ణి అడిగి ఆయుష్షు పొడిగించుకోవచ్చన్న హిజ్కియా నమ్మకం అక్కడ బతికే ఉంది. అంజూరపు ముద్ద ఎంత ముఖ్యం అన్నదాని మీదే డెల్టా క్రైస్తవుల్లో ఇప్పటికీ ఇంటింటికీ తేడాలున్నాయి. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువా అన్న ప్రశ్న నేను చాలా ఇళ్ళల్లో విన్నాను.

నాకు ఇంతకంటే పెద్దదనిపించే ప్రశ్న వేరే ఉంది. ప్రాణం దేవుడిదైతే, ఇంకెవడిదీ కాదు. ఈ మాట పాలేరు బతుక్కి ఏం చేసింది? ఆసామి కొట్టి చంపినా అడిగే దిక్కులేని మనిషికి నీ ప్రాణానికి సొంతదారు పైన ఉన్నాడు అని చెప్పడం ఓదార్పు మాత్రమే కాదు. ఆసామికి హెచ్చరిక కూడా. హేబెలు హతమైనప్పుడు బైబిల్లో దేవుడు నేనే పిలుచుకున్నాను అనలేదు. నీ తమ్ముడు ఎక్కడని కయీనుని అడిగాడు. నాబోతు అనే రైతు ద్రాక్షతోట మీద రాజు కన్నుపడితే, దొంగ సాక్ష్యాలతో రాళ్ళు వేయించి చంపిస్తారు. నాబోతుకి నూకలు చెల్లాయని ప్రవక్త ఏలీయా అనలేదు. తోటలోకి దిగిన రాజుకి ఎదురెళ్ళి నువ్వు హత్య చేశావని మొహం మీదే చెప్పాడు. దేవుడి సార్వభౌమత్వం హంతకుడికి చాటు కాదు. హత్య అంటే దేవుడి సొత్తు దొంగిలించడం.

కృష్ణా డెల్టా వైపు, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బతికున్నవాళ్ళు చేసిన పని గుర్తుందా? శవాల్ని ఊరి బయటికి తీసుకుపోకుండా ఊరి మధ్యే పాతిపెట్టారు. ఆ చోటు పేరు రక్తక్షేత్రం. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. హేబెలు రక్తం నేలలోంచి మొరపెట్టిందన్న ఆదికాండపు మాటకి ఇంతకంటే వ్యాఖ్యానం నేను చదవలేదు.

జాషువా గుర్తొస్తాడు ఇక్కడ. వినుకొండలో పుట్టిన ఆయన కుర్రతనంలో కొన్నాళ్ళు రాజమండ్రిలో మూకీ సినిమాలకి కథ చెప్పే పని చేశాడు. ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులోకి చేరి, గోదావరి జిల్లాల పల్లెపల్లెనా హార్మోనియం మీద మోగాయి. చావు ముందు రాజూ పేదా ఒకటే అన్న మాటకి జనం వన్స్‌మోర్ కొట్టారు. అదే జనం పొద్దున్నే లేచి ఏ కులం శ్మశానం ఆ కులానికే ఉంచారు. చావు సమానం చేస్తుందన్నది పద్యం వరకే. సమాధుల తోటకి జాగా అడిగితే తెలుస్తుంది ఎంత సమానమో.

ఇంత చెప్పాక, మా పేటల్లో ఇప్పుడు జరుగుతున్నదాని గురించి చెప్పాలి. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. వేటకెళ్ళిన మత్స్యకారులు, పాకల్లో ఉన్నవాళ్ళు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడ్డాయి. అలాంటి చావులప్పుడు ఆదరణ కూడికల్లో వినిపించే మాట ఒక్కటే: దేవుని చిత్తం. చదివే వాక్యాలు కూడా దాదాపు అవే. 90వ కీర్తన, యోబు మొదటి అధ్యాయం. ఇచ్చింది ఆయనే కాబట్టి తీసుకునే హక్కూ ఆయనదే అన్న అర్థం వచ్చే మాట. అక్కడితో పుస్తకం మూసేస్తారు. హెచ్చరిక ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు, పాక ఎందుకు పాకగానే ఉంది అన్నవి అడగడానికి అక్కడ చోటుండదు. సెప్టిక్ ట్యాంకులో దిగి పోయిన కుర్రాడికీ, కానుపులో పోయిన తల్లికీ అదే వాక్యం, అదే ముగింపు.

దేవుడి సార్వభౌమత్వం మీద నాకున్న పేచీ ఆ సిద్ధాంతంతో కాదు, దాన్ని మేం సగానికి కోసుకోవడంతో. తలరాత అనే పాత మాటని తీసేశాం అనుకుంటూ, దేవుని చిత్తం అన్న కొత్త సీసాలో పోసి పెట్టుకున్నాం. బైబిల్లో తలవంచిన యోబు ఎంత ఉన్నాడో, పుట్టిన రోజునే శపించుకున్న యోబు అంతకంటే ఎక్కువ ఉన్నాడు. ఆశ అన్న మాట ఒక్కటి కూడా లేకుండా చీకట్లోనే ముగిసిపోయే 88వ కీర్తన ఉంది. చచ్చేవాడి చావు నాకు సంతోషం కాదని దేవుడే చెప్పుకున్న యెహెజ్కేలు ఉన్నాడు. చావుని దేవుడి దూతగా కాక, కడపటి శత్రువుగా లెక్కకట్టిన పౌలు ఉన్నాడు. తన చేతిలో ఉన్నదాన్నే శత్రువు అనుకునే దేవుడు! ఈ వైరుధ్యాన్ని బైబిల్ విప్పలేదు, అలాగే ఉంచింది. అందుకే ఆ పుస్తకంలో ఏడవడానికీ, అడగడానికీ, కట్టు కట్టడానికీ, కాలవ తవ్వడానికీ చోటు మిగిలింది.

ఈసారి ఎవరైనా పాస్టరుగారు ఆదరణ కూడికలో యోబు మొదటి అధ్యాయం చదివాక పుస్తకం మూయకుండా ఇంకో రెండు పేజీలు తిప్పి మూడో అధ్యాయం కూడా చదివితే బాగుండును. కూర్చున్నవాళ్ళలో కొందరు ఇబ్బందిగా కదులుతారు. కానీ ముందు వరసలో, కొడుకుని పోగొట్టుకున్న తల్లి అప్పటిదాకా గొంతులో ఆపుకున్నదాన్ని బయటికి రానివ్వచ్చు.